రోహిణి కార్తెకు నిలిచే ఓవర్‌క్లాక్: తిరుపతిలో గేమింగ్ పీసీ పార్టులు ఎంచుకున్న నా అనుభవం

ఓవర్‌క్లాక్ చేసే, అంటే పార్టులను కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా నడిపే, గేమింగ్ పీసీ అనగానే లిస్టు ప్రాసెసర్‌తోనో గ్రాఫిక్స్ కార్డుతోనో మొదలవుతుంది. నా లిస్టులో మొదటి వస్తువు గది గోడకు తగిలించే చిన్న థర్మామీటరు. పీసీ పెట్టబోయేది మేడ మీది గది. నెత్తిన కాంక్రీటు స్లాబు, పడమటి వైపు కిటికీ. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి ఆ గదిలో 38 డిగ్రీలు. పగలంతా ఎండ తాగిన స్లాబు రాత్రి దాన్ని కిందికి దించుతుంది కాబట్టి పదింటికి కూడా 35కు తగ్గదు. డిసెంబరు వానల్లో అదే గది, అదే టైము, 24.

ఈ 14 డిగ్రీల తేడానే మన ఊళ్లో ఓవర్‌క్లాక్‌కి అసలు లెక్క. ఏ మామూలు కూలరైనా ప్రాసెసర్ని గది గాలి కంటే చల్లగా చెయ్యలేదు. గాలి కంటే ఎన్ని డిగ్రీలు పైన దాన్ని ఆపగలదన్నదే దాని సత్తా. 24 డిగ్రీల గదిలో ప్రాసెసర్ 78 దగ్గర ఆగిందంటే 54 డిగ్రీలు పైన ఆగినట్టు. గది 38కి ఎక్కితే అదే కూలర్, అదే వోల్టేజీ, అదే ఫ్యాన్ స్పీడు 92 చూపిస్తాయి. ఏఎమ్‌డీ రైజెన్ 9000 సిరీస్‌లో చాలా ప్రాసెసర్లకు పరిమితి 95. అంటే డిసెంబరులో హాయిగా ఉన్న సెట్టింగు మేలో గోడకు ఆనుకుంటుంది. రివ్యూలు చేసేవాళ్లు ఎక్కువగా 21, 23 డిగ్రీల గదుల్లో కొలుస్తారు. అందుకే ఏ రివ్యూలో ఏ అంకె చూసినా దానికి 15 కలుపుకుని చదివాను. అలా చదివేసరికి లిస్టులో సగం పార్టులు వాటంతట అవే రాలిపోయాయి.

పైగా పీసీ కూడా గదిని వేడెక్కిస్తుంది. ఆట ఆడేటప్పుడు గోడ ప్లగ్గు దగ్గర 450 వాట్లు లాగే మెషీను ఆ 450 వాట్లూ వేడిగా గదిలోకే వదులుతుంది. చిన్న గది, తలుపు మూసి ఉంటే గంటలో రెండు మూడు డిగ్రీలు పెరగడం నేనే కొలిచాను. ఒక టన్ను ఏసీ లాగగలిగే వేడి సుమారు 3,500 వాట్లు. అంటే ఏసీ ఉన్నవాళ్లకు పీసీ పెద్ద బరువు కాదు. లేనివాళ్లకు మాత్రం ప్రాసెసర్‌లో, కార్డులో తగ్గించిన ప్రతి వాటూ గదిలో తగ్గినట్టే.

థర్మామీటరు తర్వాత కరెంటు. పార్టులు కొనకముందే ప్లగ్గును మల్టీమీటరుతో చూపించుకోవాలి. అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 దగ్గర ఉండాలి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు వోల్టులు మించకపోతే మంచిది. ఫేజు, ఎర్త్ మధ్య అంకె నిలకడ లేకుండా వంద, నూట ఇరవై అంటూ ఊగుతుంటే మూడో పిన్ను వెనక వైరు లేనట్టే. ప్లగ్గుకు మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన ఎర్తింగ్ ఉన్నట్టు కాదు. పాత ఇళ్లలో చాలాచోట్ల ఆ మూడోది ఊరికే ఉంటుంది.

ఎర్త్ లేకపోతే ఏమవుతుందో చెయ్యి పెడితే తెలుస్తుంది: క్యాబినెట్ ఇనుప అంచును చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకుంటే చీమ కుట్టినట్టు చురుక్కుమంటుంది. పవర్ సప్లై లోపల శబ్దాన్ని వడగట్టే రెండు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజు నుంచి, ఒకటి న్యూట్రల్ నుంచి, రెండూ క్యాబినెట్ బాడీకి కలుస్తాయి. ఎర్త్ ఉంటే ఆ లీకేజీ నేలలోకి పోతుంది. లేకపోతే బాడీ సగం వోల్టేజీ దగ్గర, అంటే 115 దరిదాపుల్లో, తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా స్వల్పం, సాధారణంగా ప్రాణాలకు ముప్పు ఉండదు. కానీ ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్‌ను టీవీకి గుచ్చితే పోర్టులో చిటుక్కుమని స్పార్క్ వచ్చి, కార్డు పోర్టే పోవచ్చు. సర్జ్ గార్డు కూడా ఎర్త్ లేకపోతే సగం పనే చేస్తుంది. మన వైపు గుట్ట నేల. ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోయి పట్టు తగ్గుతుంది. బొగ్గు, ఉప్పు వేసిన పాత పద్ధతి గుంత అయితే వేసవిలో వారానికోసారి బకెట్టు నీళ్లు పోయాలి. దీనికయ్యే ఖర్చు పీసీ బడ్జెట్‌లో రాసుకున్నాను. ఎర్తింగ్ లేకుండా లక్ష రూపాయల మెషీను పెట్టడం నాకు సమ్మతం కాదు.

అప్పుడు పవర్ సప్లై. ఇక్కడ మూడు విషయాలు చూశాను. ఒకటి, ఇన్‌పుట్ రేంజి. డబ్బా మీద 100–240 అని ఉందా, 200–240 అని ఉందా చదవాలి. తక్కువ ధర మోడళ్లలో రెండోది కనిపిస్తుంది. ఎండాకాలం సాయంత్రం వీధంతా ఏసీలు వేసుకున్నప్పుడు లైను చివరి ఇళ్లకు 190 కూడా రాదు. అప్పుడు 200–240 రకం ఆటమధ్యలో ఆగిపోవచ్చు, మనం ఓవర్‌క్లాక్ తప్పనుకుని బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులుండే ప్రోగ్రాములో) వెతుక్కుంటూ కూర్చుంటాం. ఫుల్ రేంజి ఉన్నది 170లో కూడా నడుస్తుంది, దానికి స్టెబిలైజరు అక్కర్లేదు. రెండు, రేటెడ్ ఉష్ణోగ్రత. సప్లై ఎంత కరెంటు వృథా చెయ్యకుండా ఇస్తుందో చెప్పే 80 ప్లస్ గోల్డ్ టెస్టు 23 డిగ్రీల గాలిలో చేస్తారు. మే నెలలో క్యాబినెట్ అడుగున ఉండే గాలి 40 దాటుతుంది. అందుకని 50 డిగ్రీల దగ్గర పూర్తి వాట్లు ఇస్తుందని తయారీదారు రాసినదాన్నే తీసుకున్నాను. 40 దగ్గర రేటింగు ఇచ్చినవి పక్కన పెట్టాను. మూడు, ఏటీఎక్స్ 3.0 లేదా 3.1. గ్రాఫిక్స్ కార్డులు సెకనులో పదివేలో వంతు కాలం పాటు మామూలు కంటే రెట్టింపు లాగుతాయి. ఆ కుదుపును తట్టుకోవాలన్నది ఈ ప్రమాణంలోనే ఉంది.

వాట్ల లెక్క ఇలా వేశాను: ప్రాసెసర్‌కి గరిష్ఠంగా 142, కార్డుకు పవర్ లిమిట్ పెంచాక 242, మదర్‌బోర్డు, మెమొరీ, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లు అన్నీ కలిపి 70. మొత్తం 454. దీనికి 750 వాట్ల గోల్డ్ పెట్టాను. సగానికి కాస్త పైన నడుస్తుంది, ఫ్యాన్ గోల చెయ్యదు, రేపు కార్డు మారినా సరిపోతుంది. 550 కూడా నడిపిస్తుంది, కానీ 40 డిగ్రీల గాలిలో దాన్ని ఎనభై శాతం మీద రోజూ నాలుగు గంటలు నడపడం నాకు ఇష్టం లేదు.

ఇంటి ఇన్వర్టరు మీద ఆధారపడేవాళ్లకు ఒక మాట. కరెంటు పోయిన క్షణం నుంచి ఇన్వర్టరు అందుకునేలోపు పవర్ సప్లై తన కెపాసిటర్లలో ఉన్నదానితో బతకాలి. ఏటీఎక్స్ 3.0 అడిగేది సుమారు 17 మిల్లీసెకన్లు. ఇన్వర్టరు మీద యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ వైపు పెట్టాలి. నార్మల్‌లో అందుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, పీసీ రీస్టార్టు అవుతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సాఫీగా లాగే ఏర్పాటు) ఉన్న సప్లైలు గీపెడతాయి, కొన్ని ఆగిపోతాయి. సైన్ వేవే కావాలి. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే కాబట్టి ఆటమధ్యలో కరెంటు పోతే అది బీప్ కొట్టి చేతులెత్తేస్తుంది.

ఇంత అయ్యాక ప్రాసెసర్. ఇంటెల్‌లో ఓవర్‌క్లాక్ కావాలంటే పేరు చివరి అక్షరాల్లో కే ఉండాలి, బోర్డు జడ్ సిరీస్ ఉండాలి. ఇంటెల్ బీ సిరీస్ బోర్డుల్లో మెమొరీ పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్ మల్టిప్లయర్ (దాని వేగాన్ని నిర్ణయించే గుణకం) కదలదు. ఐ5-14600కే మంచి చిప్పే, కానీ గరిష్ఠ టర్బో పవర్ 181 వాట్లు, అదీ ఓవర్‌క్లాక్ చెయ్యకముందు. పైగా 13, 14 తరాల్లో వోల్టేజీ ఎక్కువై చిప్పు మెల్లగా క్షీణించే సమస్య బయటపడి, 2024లో ఇంటెల్ వరసగా మైక్రోకోడ్ (చిప్పు లోపలి ప్రోగ్రాము) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్‌డేట్ చేసిన బయోస్‌తో కొత్త చిప్పు వాడేవాళ్లకు భయం లేదు. సెకండ్ హ్యాండ్‌లో ఆ తరాల చిప్పు మాత్రం నేను ముట్టుకోను. అది ఏ వోల్టేజీలో ఎన్నాళ్లు నడిచిందో బయటి నుంచి చూసి చెప్పలేం.

నేను తీసుకున్నది రైజెన్ 7 9700ఎక్స్. ఎనిమిది కోర్లు, బూస్ట్ 5.5 గిగాహెర్ట్జ్, మామూలుగా 65 వాట్ల టీడీపీ (కంపెనీ చెప్పే వేడి లెక్క). అంటే సాకెట్ దగ్గర గరిష్ఠంగా 88. కావాలంటే 105 వాట్ల మోడ్‌కి, అంటే సాకెట్ దగ్గర 142కి ఎత్తుకోవచ్చు. చలికాలం ఎక్కడుండాలో, ఎండాకాలం ఎక్కడుండాలో మనం తేల్చుకునే జాగా ఇందులో ఉంది. ఆటలకు ఇంతకంటే బలమైనది 9800ఎక్స్3డీ, అందులో సందేహం లేదు. మల్టిప్లయర్ కూడా తెరిచే ఉంటుంది. కానీ దాని 96 ఎంబీ క్యాష్ వల్ల మెమొరీ ట్యూనింగ్‌తో వచ్చే లాభం తగ్గుతుంది. ధరలో తేడాను నేను కార్డుకు, ఎర్తింగ్‌కు మళ్లించాను. డబ్బు ఉండి, సెట్టింగులతో కుస్తీ వద్దనుకునేవాళ్లు ఎక్స్3డీ తీసుకుంటే ఓవర్‌క్లాక్ జోలికి వెళ్లకుండానే ముందుంటారు.

మదర్‌బోర్డు దగ్గర ఎక్కువమంది మోసపోయేది ఏఎమ్‌డీ ఏ620 బోర్డుతో. "అన్నా, అదే సాకెట్, అదే ర్యామ్, మూడు నాలుగు వేలు తక్కువ, దేనికి బీ650?" అని కౌంటర్ మీద అడుగుతారు. ఏ620 చిప్‌సెట్‌లో ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్‌కే వీల్లేదు. ఆ మూడు వేలు మిగిల్చుకుంటే పీసీ ఉద్దేశమే పోయినట్టు. బీ650 లేదా బీ850 చాలు, ఎక్స్ సిరీస్ దేనికీ అవసరం రాలేదు. బోర్డులో చూడాల్సినవి: ప్రాసెసర్ పక్కన రెండు వైపులా వీఆర్ఎం (ప్రాసెసర్‌కు వోల్టేజీ అందించే భాగం) మీద స్క్రూలతో బిగించిన గట్టి అల్యూమినియం హీట్‌సింకులు, వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్, సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు చిన్న డీబగ్ లైట్లు. రంగురంగుల ఎల్ఈడీలున్న బోర్డు కంటే ఈ నాలుగు లైట్లున్నది నూరుపాళ్లు మేలు.

ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఎందుకంటే, షాపులో నెలల తరబడి ఉన్న బీ650 బోర్డులో పాత బయోస్ ఉంటే 9000 సిరీస్ ప్రాసెసర్ని అది గుర్తుపట్టదు. స్క్రీన్ నల్లగానే ఉంటుంది. బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, బయోస్ ఫైలును మాన్యువల్‌లో చెప్పిన పేరుకు మార్చి, గుర్తు పెట్టిన యూఎస్‌బీ పోర్టులో పెట్టి, పవర్ సప్లై మాత్రమే కలిపి బటన్ నొక్కితే సరి. లైటు మినుకుమినుకుమంటుంది, ఆరిపోయేదాకా ముట్టుకోకూడదు. ఈ పనికి ముందే యూపీఎస్ కలుపుకోవాలి. మధ్యలో కరెంటు పోతే అప్‌డేట్ సగంలో ఆగిపోతుంది. ఫ్లాష్‌బ్యాక్ ఉంటే మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు, లేని బోర్డయితే సర్వీస్ సెంటరే దిక్కు.

మెమొరీ మీద చాలా రోజులు పెట్టాను, పెట్టినందుకు ఫలితం కూడా ఇక్కడే దక్కింది. ఈ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌లో డీడీఆర్5-6000 సీఎల్30 (6000 వేగం, 30 క్లాకుల జాప్యం) అనేది తేలిగ్గా కుదిరే చోటు. మెమొరీ కంట్రోలరు, మెమొరీ రెండూ 3000 మెగాహెర్ట్జ్ దగ్గర సమానంగా నడుస్తాయి. ఎక్కువ అంకె కదా అని 7200 కిట్ కొంటే చాలావరకు కంట్రోలరు సగం స్పీడుకు పడిపోతుంది, జాప్యం పెరుగుతుంది, డబ్బు పోతుంది. 16 జీబీవి రెండు స్టిక్కులు, ఎక్స్‌పో ప్రొఫైల్ (ఆ వేగాన్ని బయోస్‌లో ఒక్కసారే పెట్టే సెట్టింగు) ఉన్నవి, హైనిక్స్ చిప్పులతో వచ్చినవి తీసుకున్నాను. రెండే స్టిక్కులు, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో, నాలుగో స్లాట్లలో. తర్వాత ఇంకో రెండు కొని నాలుగు నింపుదామనుకుంటే 6000 నిలవదు. నాలుగు స్టిక్కులకు ఏఎమ్‌డీ అధికారికంగా ఇచ్చే మాట 3600 మాత్రమే. కాబట్టి కావలసినంతా మొదటిసారే రెండు స్టిక్కుల్లో కొనాలి.

కూలర్ విషయంలో నా మాట కొందరికి రుచించదు. 360 లిక్విడ్ కూలర్ తీసుకోలేదు. లోపలి నీళ్లు కూడా గది గాలి కంటే చల్లబడవు. 38 డిగ్రీల గదిలో ఆ నీళ్లు గంట ఆటకు 50 దాటుతాయి. సాధారణంగా 60 దాటకూడదంటారు, అంటే వెసులుబాటు అంతంతే. పైగా ఈ ప్రాసెసర్‌లో వేడంతా పుట్టేది సుమారు 70 చదరపు మిల్లీమీటర్ల చిన్న ముక్కలో, అదీ మందపాటి మూత కింద. అక్కడి నుంచి వేడి పైకి రావడమే ఆలస్యం. 142 వాట్ల లోపు ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా రెండు టవర్ల ఎయిర్ కూలర్ కంటే నాలుగైదు డిగ్రీలకు మించి తేడా రాదు. పంపు పోతే ఓవర్‌క్లాక్ సంగతి అటుంచి పీసీయే ఆగుతుంది, వారంటీకి చెన్నైకి పంపాలి. ఆరు హీట్‌పైపులు, రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, 155 మిల్లీమీటర్ల ఎత్తున్న థర్మల్‌రైట్ పీర్‌లెస్ అసాసిన్ 120 ఎస్‌ఈ పెట్టాను. ఫ్యాన్ పాడైతే ఫ్యాన్ ఒక్కటే మారుస్తాం.

క్యాబినెట్ ముందు భాగం మెష్ ఉండాలి, గాజు పలక వద్దు. ముందు రెండు 140 ఫ్యాన్లు లోపలికి, వెనక ఒక 120 బయటికి. లోపలికి వచ్చే గాలి ఎక్కువుంటే సందుల్లోంచి దుమ్ము రాదు, ఫిల్టరు గుండానే వస్తుంది. రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు వైపు ఉండేవాళ్లకు టిప్పర్ల దుమ్ము మూడు వారాలకే ఫిల్టరును మూసేస్తుంది. ఫిల్టరు మూసుకుంటే ప్రాసెసర్ ఆరేడు డిగ్రీలు ఎక్కుతుంది. ఇంకోటి చెప్పాలి. వాడని స్లాట్ల వెనక రేకులు తీసి పారేయకండి. వెచ్చగా ఉందని బల్లి లోపలికి దూరుతుంది, కార్డు వెనక పిన్నుల మీద పడితే అదీ పోతుంది, కార్డూ పోతుంది.

గ్రాఫిక్స్ కార్డు బడ్జెట్‌లో నలభై శాతం తీసుకుంది. రేడియాన్ ఆర్ఎక్స్ 9070, 9070 ఎక్స్‌టీ రెండూ ఒకే చిప్పు. మొదటిదానిలో 56 కంప్యూట్ యూనిట్లు, 220 వాట్లు. రెండోదానిలో 64, 304 వాట్లు. రెండింటిలోనూ 16 జీబీ. 84 వాట్ల వేడి గదిలో తగ్గుతుందని మొదటిది తీసుకుని, వోల్టేజీ తగ్గించి పవర్ లిమిట్ పది శాతం పెంచాను. 1440పీ స్క్రీన్‌కి అది చాలు. నేను తీసుకున్న మోడల్‌కి రెండు ఎనిమిది పిన్నుల కనెక్టర్లు. ఒకే కేబుల్ చివర ఉండే రెండు తలలను వాడకుండా, సప్లై నుంచి విడివిడిగా రెండు కేబుళ్లు లాగాను. ఒక్కో కనెక్టరుకు 150 వాట్లు లెక్క. ఒకే తీగ మీద రెండింటి బరువూ వేస్తే కేబుల్ చేతికి వెచ్చగా తగులుతుంది. కొత్త పదహారు పిన్నుల కనెక్టరున్న కార్డు తీసుకునేవాళ్లు అది సందు లేకుండా చివరిదాకా దిగిందో లేదో టార్చి వేసి చూడాలి. సగం దిగిన కనెక్టర్లే ఎక్కువగా కరిగాయి.

కొనడం గురించి క్లుప్తంగా. ఆఫీసు కంప్యూటర్లకు కావలసినవన్నీ తిరుపతిలోనే దొరుకుతాయి. సీఎల్30 కిట్టూ, ఫ్లాష్‌బ్యాక్ ఉన్న బోర్డూ అడిగితే ఆర్డరు పెట్టి తెప్పిస్తామంటారు. ఎలక్ట్రానిక్స్ షాపులుండే చెన్నై రిచీ స్ట్రీట్‌కి పుత్తూరు, నగరి మీదుగా బస్సులో పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి పెట్టెలతో వెనక్కి రావచ్చు. ఆదివారం వెళ్లకండి, ఎక్కువ షాపులు మూసి ఉంటాయి. బిల్లు మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు, 18 శాతం జీఎస్టీ విడిగా ఉండాలి. సీరియల్ లేని బిల్లుతో వారంటీ అడగలేం. మదర్‌బోర్డు కొన్నప్పుడు సాకెట్ మీది నల్ల ప్లాస్టిక్ మూత తీయించి, 1,718 పిన్నుల వరసను ఏటవాలుగా వెలుతురులో చూసి, ఫోటో తీసుకోవాలి. ఒక్క పిన్ను వంగినా ఆ వరస మెరుపు తెగుతుంది, కంటికి తెలుస్తుంది. ఇంటికొచ్చాక చూస్తే "మీరే వంచారు" అంటారు. ఒకసారి నాకు ఆ మాట పడింది కూడా, ఫోటో లేక ఊరుకోవాల్సి వచ్చింది.

బిగించేటప్పుడు ఏఎం5 బోర్డు వెనక పలక ఊడదీయకూడదు, కూలర్ దానికే బిగుస్తుంది. ప్రాసెసర్ మూతకు చుట్టూ గాట్లు ఉంటాయి, పేస్ట్ ఎక్కువైతే అందులోకి దిగి ఆరిపోతుంది. మధ్యలో బఠాణీ గింజంత, నాలుగు మూలలకు ఆవగింజంత చాలు.

మొదటిసారి ఆన్ చెయ్యగానే స్క్రీన్ రాదు. డీర్యామ్ లైటు వెలిగి అలాగే ఉంటుంది. అది లోపం కాదు, బోర్డు మెమొరీతో లంకె కుదుర్చుకుంటోంది. నా దానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఈ నాలుగు నిమిషాల్లోనే చాలామంది కంగారుపడి స్విచ్ కట్టేసి, మళ్లీ వేసి, మళ్లీ మొదటి నుంచి చేయిస్తారు. పదిహేను నిమిషాలు దాటినా లైటు ఆరకపోతే అప్పుడు ఒక స్టిక్కు తీసి చూడాలి.

ఓవర్‌క్లాక్‌లో నేను పాటించిన వరస: ముందు ఏదీ మార్చకుండా ఒక రోజు అంకెలు రాసుకోవడం, తర్వాత మెమొరీ, ఆ తర్వాత ప్రాసెసర్, చివర్న కార్డు. ఒకసారికి ఒక్కటే. మెమొరీ సరిగ్గా లేకుండా ప్రాసెసర్ వోల్టేజీ తగ్గిస్తే తప్పు ఎక్కడిదో తేలదు.

ఎక్స్‌పో ఆన్ చేశాక ఎస్ఓసీ వోల్టేజీ (ప్రాసెసర్‌లోని మెమొరీ కంట్రోలరుకు వెళ్లేది) చూడాలి. 2023లో కొన్ని బోర్డులు దీన్ని విపరీతంగా పెంచి ప్రాసెసర్లు కాలిపోయాయి. ఆ తర్వాత ఏఎమ్‌డీ 1.30 దగ్గర కట్ట వేసింది. 6000కి అంత అక్కర్లేదు, నాది 1.20 దగ్గర నిలిచింది. తర్వాత టైమింగులు. ఇందులో టీరెఫీ ఒక్కటే విడిగా చెబుతాను, ఎండకు ముందు పడిపోయేది అదే. మెమొరీలో ఒక్కో బిట్టూ ఒక చిన్న కెపాసిటరు. కారే కుండలాంటిది, మధ్యమధ్యలో నింపుతూ ఉండాలి. ఎంతసేపటికోసారి నింపాలన్నదే టీరెఫీ. 6000 దగ్గర మామూలుగా 11,700 క్లాకులు. దీన్ని 65,535 దాకా పెంచితే నింపడానికి ఆగే సమయం తగ్గి ఆటలో కింది ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఫ్రేములు బాగా పడిపోయే క్షణాల అంకె) బాగుపడుతుంది. అయితే వేడెక్కేకొద్దీ కుండ త్వరగా కారుతుంది. జనవరిలో స్టిక్కులు 44 డిగ్రీల దగ్గర ఉండగా 65,535తో టెస్ట్‌మెమ్5 అనే మెమొరీ టెస్టు మూడు గంటలు శుభ్రంగా దాటింది. ఏప్రిల్ చివర్లో, పక్కనే కార్డు వేడి ఊదుతుండగా, స్టిక్కు 58కి చేరి నలభై నిమిషాలకే ఎర్రర్లు. ఆటలో అయితే అరగంటకు డెస్క్‌టాప్‌కి విసిరేసేది, కారణం చెప్పేది కాదు. 32,000కు దించాను, వెనక ఫ్యాన్ స్పీడు కాస్త పెంచాను, ఆ తర్వాత మే అంతా ఒక్క ఎర్రర్ లేదు. డీడీఆర్5 స్టిక్కులోనే ఉష్ణోగ్రత సెన్సార్ ఉంటుంది, హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాములో కనిపిస్తుంది. మెమొరీ టెస్టు చేసేటప్పుడు పక్కన కార్డుకు కూడా లోడు పెట్టండి. కార్డు చల్లగా ఉండగా చేసిన మెమొరీ టెస్టుకు విలువ లేదు.

ప్రాసెసర్‌కి ఫ్రీక్వెన్సీ పెంచడం కంటే బయోస్‌లోని కర్వ్ ఆప్టిమైజరు సెట్టింగుతో వోల్టేజీ తగ్గించడం మేలు. ఒక్కో మెట్టు సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు. అన్ని కోర్లకూ మైనస్ 30 మెట్లు పెడితే సినీబెంచ్ అనే లోడు టెస్టు గంట నడిచింది, ఇంకేం అనుకున్నాను. రాత్రి పాట డౌన్‌లోడ్ అవుతుండగా, ఏ పనీ లేనప్పుడు, చప్పుడు లేకుండా రీస్టార్టు. నీలం స్క్రీన్ కూడా లేదు. వోల్టేజీ చాలకపోవడం బయటపడేది పూర్తి లోడులో కాదు. తేలిక పనిలో ఒక్క కోరు 5.5కి ఎగిరిన క్షణంలో బయటపడుతుంది. విండోస్ లోపాల చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్‌లో ఈవెంట్ ఐడీ 18, డబ్ల్యూహెచ్ఈఏ లాగర్, క్యాష్ హైరార్కీ ఎర్రర్, ఏపీఐసీ ఐడీ 6 అని ఉంది. కోరుకు రెండు థ్రెడ్లు కాబట్టి ఆ ఐడీని రెండుతో భాగిస్తే 3. సున్నా నుంచి లెక్కిస్తే మూడో నంబరు కోరు. రైజెన్ మాస్టర్‌లో నక్షత్రం గుర్తున్న రెండు మేలైన కోర్లలో అదొకటి. మేలైన కోర్లు ముందే తక్కువ వోల్టేజీలో నడుస్తుంటాయి, వాటి దగ్గర తగ్గించడానికి మిగిలింది తక్కువ. ఆ రెండింటికి మైనస్ 12, మిగతా ఆరింటికి మైనస్ 25 పెట్టి, కోర్‌సైక్లర్‌తో రాత్రంతా ఒక్కో కోరునూ విడిగా పరీక్షించాక నిలిచింది. పవర్ లిమిట్ 142 నుంచి 110కి దించాను. రెండరింగ్‌లో కొద్దిగా తగ్గింది, ఆటల్లో తేడా కనబడలేదు. 38 డిగ్రీల గదిలో పూర్తి లోడు మీద 86. పీబీఓ (ఈ కర్వ్, పవర్ లిమిట్ సెట్టింగులుండే ఏఎమ్‌డీ ఓవర్‌క్లాక్ ఏర్పాటు) వాడితే వచ్చే నష్టానికి వారంటీ వర్తించదని ఏఎమ్‌డీ నిబంధనల్లోనే ఉంది, అది తెలిసే చెయ్యాలి.

కార్డుకు వోల్టేజీ మైనస్ 60 మిల్లీవోల్టుల దగ్గర నిలిచింది. మైనస్ 80 బెంచ్‌మార్కులో దాటి, రే ట్రేసింగ్ ఉన్న ఆటలో పడిపోయింది. కార్డు మెమొరీ పెంచేటప్పుడు స్క్రీన్ మీద చుక్కలు వస్తేనే తప్పనుకోకండి. లోపల తప్పు దిద్దుకునే ఏర్పాటు ఉండటం వల్ల ఒక హద్దు దాటాక బొమ్మ బాగానే ఉంటుంది, ఎఫ్‌పీఎస్ మాత్రం తగ్గుతుంది. ప్రతి మెట్టు దగ్గరా స్కోరు రాసుకుని, తగ్గిన చోటి నుంచి రెండు మెట్లు వెనక్కి రావాలి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజుల్లో, మధ్యాహ్నం రెండింటి నుంచి ఆరింటిదాకా, ఏసీ కట్టేసి, ఫ్యాన్ ఒక్కటే వేసి, మెమొరీ టెస్టూ కార్డు లోడూ కలిపి నాలుగు గంటలు నడిపాను. దాటిన అంకెలనే ఏడాదంతా ఉంచుతున్నాను. చలికాలం మళ్లీ పెంచితే వచ్చేది రెండు మూడు ఫ్రేములు, పోయేది మార్చిలో ఒక సేవ్ ఫైలు. ఆ సెట్టింగులను బయోస్‌లో ప్రొఫైల్‌గా దాచడమే కాకుండా ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫోటో తీసి పెట్టుకోండి. బయోస్ అప్‌డేట్ చేస్తే పాత ప్రొఫైళ్లు చాలా బోర్డుల్లో చెరిగిపోతాయి, లేదా కొత్త బయోస్ వాటిని తీసుకోదు.